మూఢానికి ముందు దర్వాజ

గోడలు కట్టే సుతారి మేస్త్రి సోమనర్సయ్య ఇంటికి నేను వెళ్లడం అది పదకొండోసారి. వాకిట్లో ఆయన బండి ఉంది, అరుగు మీద ఆయన చెప్పులున్నాయి, లోపలి నుంచి ఆయన దగ్గు వినిపిస్తోంది. గడపకు అడ్డంగా నిలబడ్డ ఆయన భార్య యాకమ్మ మాత్రం కన్నార్పకుండా చెప్పింది.

"లేడు సారూ. గార్లకు పోయిండు."

"మరి ఆ దగ్గేదెవలు?"

"టీవీ సారూ."

ఇంకెవరైనా అయితే నా నోటికి జడిసేవారు. కేసముద్రం జూనియర్ కాలేజీలో ఇరవై రెండేళ్లుగా పౌరశాస్త్రం చెబుతున్నాను. దేవేందర్ సారు వస్తున్నాడంటే వరండాలో పిల్లలు గోడలకు అతుక్కుపోతారు. కోపం నా ముక్కు మీదే కాపురం పెట్టిందని మా ఆవిడ శైలజ అంటుంది. కానీ ఇల్లు కట్టుకుంటున్నవాడికి కోపం పనికిరాదు. మేస్త్రీని ఒక్క మాట అంటే ఆయన ఇంకో నెల కనబడడు. అందుకని పళ్లు బిగబట్టి నవ్వి, "టీవీని జర మందు తాగుమను యాకమ్మా" అని తిరిగి వచ్చేశాను.

మార్కెట్ యార్డు వెనక మా ఇంటికి బేస్‌మెంట్ లేచి నాలుగు నెలలైంది. అక్కడితో ఆగింది. హాలు అవ్వాల్సిన చోట గడ్డి మోకాలెత్తు పెరిగింది, పడకగదిలో పక్కింటివాళ్ల మేకలు మేస్తున్నాయి. ఇది చాలదన్నట్టు మూఢం ముంచుకొస్తోంది. అది మొదలైతే దాదాపు మూడు నెలలు ఏ శుభకార్యమూ లేదు. ఆలోగా దర్వాజ, అంటే ఇంటి ముఖద్వారం చట్రం, నిలబెట్టాలి. నిలబెట్టకపోతే గోడలు లేవవు. గోడలు లేవకపోతే మేమెక్కడుంటాం? మా అద్దె ఇంటాయన జనవరికల్లా ఖాళీ చెయ్యమని ఇప్పటికే రెండుసార్లు చెప్పాడు. మూఢానికి ముందు ఆఖరి ముహూర్తం నెలాఖరు శనివారం ఉదయం తొమ్మిది దాటి పన్నెండు నిమిషాల దాకానే ఉందని, స్థిరవారం కనుక ఇంకా మంచిదని అయ్యగారు రాసిచ్చారు. ఆ కాగితం శైలజ ఫ్రిజ్ మీద అంటించింది.

"ఆ రోజు దర్వాజ లేవకపోతే నేను పుట్టింటికి పోను" అంది. "నిన్నే జనగామకు మీ అక్కింటికి పంపిస్త."

సరిగ్గా అప్పుడే మా ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, ఈసారి ఉపాధి అవగాహన సదస్సు నువ్వే చూడాలన్నాడు. ఏటా ఒక బ్యాంకు మేనేజరో, ఒక పోలీసు అధికారో వచ్చి కష్టపడి చదవండని చెప్పి, సమోసా తిని పోతారు. నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ఇంటి యజమానిని చూసి దాక్కునేవాడు శాలువాను చూసి దాక్కోడు కదా. ఆహ్వానపత్రంలో ముఖ్య అతిథి అని పెద్ద అక్షరాలతో సోమనర్సయ్య పేరు వేయించి అటెండరుతో పంపాను. నిర్మాణ రంగంలో ఉపాధి అవకాశాలు అన్నది అంశం. వేదిక మీద శాలువా కప్పి, రెండు వందల మంది పిల్లల ముందు మా ఇంటికి తారీఖు అడుగుదామన్నది పథకం. మైకులో ఒప్పుకున్న మాట ఎవడు తప్పుతాడు?

నాలుగు నెలలు దొరకని మనిషి, పది గంటల సభకు తొమ్మిదిన్నరకే వచ్చి మొదటి వరుసలో కూర్చున్నాడు. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. యాకమ్మను కూడా తెచ్చాడు.

నేను ఇరవై నిమిషాలు మాట్లాడాను. ఏ పనీ తక్కువ కాదన్నాను. చెమటోడ్చే చేతికే దేశంలో మొదటి నమస్కారమన్నాను. మన పిల్లలు ఒక్క కుర్చీ ఉద్యోగానికి వెయ్యి మంది పోటీ పడుతున్నారని, చేతిపని నేర్చుకోవడానికి మాత్రం సిగ్గుపడుతున్నారని బల్ల గుద్ది చెప్పాను. నా మాటలకు నాకే ఒళ్లు జలదరించింది. తర్వాత సోమనర్సయ్య మైకు పట్టుకుని గొంతు సవరించుకున్నాడు. అదే దగ్గు.

"పిల్లలూ, నేను ఐదు దాక సదివిన. మీ సారు తీర్గ నాకు మాట్లాడరాదు. ఒక్కటే అడుగుత. ఈ సారు అంటే మీకు భయమా, కాదా?"

పిల్లలు నవ్వు ఆపుకున్నారు.

"మీరు భయపడే సారు నా ఇంటికి పదకొండుసార్లు వచ్చిండు. వాకిట్ల నిలవడి నవ్వుకుంట పోయిండు. ఈ సారు నవ్వంగ మీరెప్పుడన్న సూసిండ్రా?"

హాలు పగిలిపోయేలా నవ్వారు. ప్రిన్సిపాల్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. నేను శాలువా మడతలు సరిచేస్తున్నట్టు తల వంచుకున్నాను.

"నాకోసం డాక్టరు సూస్తడు, పటేలు సూస్తడు. సదువుకున్నోళ్లు పనికోసం ఎదురుసూస్తరు. పని తెలిసినోని కోసం అందరు ఎదురుసూస్తరు. గంతే ముచ్చట." ఆయన గొంతు కొంచెం తగ్గింది. "కాని నా గుంపుల అందరికి యాభై దాటినయ్. నేర్చుకునేటోడు ఒక్కడు లేడు. ఇగ పదేండ్లకు కేసముద్రంల గోడ కట్టేటోడే ఉండడు. మీల ఎవలన్న వస్తరా?"

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒక్క చెయ్యీ లేవలేదు. నేను లేచి మా ఇంటి తారీఖు సంగతి ఎత్తబోతుండగా, వెనక తలుపు దగ్గర ఒక చెయ్యి లేచింది. ఆ చేతిలో ఫోను ఉంది. ఆ ఫోనులో సభను వీడియో తియ్యమని నేనే ఇంటి నుంచి తీసుకొచ్చిన నా బిడ్డ రజితది ఆ చెయ్యి.

రజిత బీటెక్ పూర్తయి రెండేళ్లు. అప్పటి నుంచి పడిన ప్రతి నోటిఫికేషన్‌కూ దరఖాస్తు పెట్టి, ఇంట్లో కూర్చుని చదువుతోంది. ఒక పరీక్ష వాయిదా పడింది, ఒకటి రద్దయింది, ఒకటి రాసి పద్నాలుగు నెలలైనా ఫలితం రాలేదు.

సోమనర్సయ్య దాన్ని చూశాడు, నన్ను చూశాడు. "నీ బిడ్డెనా సార్?" అని మైకులోనే అడిగాడు. నేను తలూపాను. ఆయన చిన్నగా నవ్వాడు. ఆ నవ్వుకు అర్థం నాకు చాలా రోజుల దాకా తెలియలేదు.

"అయితే రేపు పొద్దుగాల ఎనిమిదింటికి రా బిడ్డా."

రెండు వందల మంది చప్పట్లు కొట్టారు. ఇరవై నిమిషాల కింద ఏ పనీ తక్కువ కాదన్న నోటితో ఏమనను? నేనూ కొట్టాను. నా జీవితంలో అంత గట్టిగా ఎప్పుడూ చప్పట్లు కొట్టలేదు.

ఇంటికి వచ్చాక మాత్రం ఊరంతా వినబడేలా అరిచాను. రజిత అన్నం కలుపుకుంటూ వింది.

"అయిపోయిందా బాపు?"

"అయిపోలే! నీకు ఇటుక ఎత్తొస్తదా? బీటెక్ జేసింది గందుకేనా?"

"నువ్వే చెప్పినవ్ కదా, చేతిపనికి సిగ్గు పడొద్దని. నేను పడుతలేను. నువ్వెందుకు పడుతున్నవ్?"

శైలజ నవ్వు దాచుకోవడానికి వంటింట్లోకి పోయింది. ఆ రాత్రి పడుకుని ఆలోచిస్తే నాకు ఒక లాభం కనిపించింది. బిడ్డ ఆయన గుంపులో ఉంటే మేస్త్రి ఎక్కడున్నాడో రోజూ నాకు తెలుస్తుంది. ఇక గార్ల ఊరికి పోయాడన్న మాట చెల్లదు. రెండు రోజులకు చేతులు బొబ్బలెక్కి తనే తిరిగొస్తుంది, ఈలోగా మా దర్వాజ లేస్తుంది. నా తెలివికి నేనే మురిసిపోయి హాయిగా నిద్రపోయాను.

బొబ్బలు నిజంగానే ఎక్కాయి. శైలజ కొబ్బరినూనె రాసింది. రజిత మాత్రం మానలేదు. మొదటి వారం ఇటుకలు అందించింది. రెండో వారానికి సోమనర్సయ్య గోడ మీద పనిలో ఉంటే, కింద యాకమ్మ దానికి పని నేర్పడం మొదలుపెట్టింది. ముప్పై ఏళ్లుగా మొగుడి వెనక తట్ట మోస్తున్న యాకమ్మకు రాని పని లేదట. గోడను దూరం నుంచి చూసి ఎక్కడ వంక ఉందో చెబుతుందట. అయినా ఇన్నేళ్లలో ఎవరూ ఆమె చేతికి తాపీ ఇవ్వలేదు, గుండు ఇవ్వలేదు. దారానికి వేలాడే ఆ ఇనుప గుండే గోడ నిలువుగా లేచిందో లేదో చెప్పేది. దాన్ని పట్టుకున్నవాడే మేస్త్రి.

"అసలేముందే అండ్ల?" అని ఒకరోజు అన్నం దగ్గర అడిగాను. కోపంతో కాదు, నిజంగానే తెలియక అడిగాను.

రజిత ముద్ద పళ్లెంలో పెట్టింది. "పరీక్ష రాసి పద్నాలుగు నెలలైంది బాపు. నేను మంచిగ రాసిన్నో లేదో ఇప్పటిదాక ఎవ్వలు చెప్పలే. కోర్టుల ఉన్నదంటరు. ఇటుక పెట్టి గుండు ఏస్తే గప్పుడే తెలుస్తది. తప్పయితే తీసి మళ్ల పెడ్త. పొద్దుమీకి ఇంటికొచ్చేటప్పుడు ఎనుకకు తిరిగి సూస్తే, పొద్దుగాల లేని గోడ ఉంటది. నేను కట్టిన గోడ."

పౌరశాస్త్రంలో దీనికి పాఠం లేదు. అందుకని మాట మార్చి, మన ఇంటికి మేస్త్రి ఎప్పుడొస్తాడని అడిగాను.

"మేస్త్రి సంగతులు బయటోళ్లకు చెప్పొద్దు" అని చెయ్యి కడుక్కుంది. నేను పెట్టిన గూఢచారి అవతలి పక్షంలో చేరిపోయింది.

ముహూర్తం ముందురోజు, శుక్రవారం సాయంత్రం మాత్రం రజిత, "పరేషాన్ గాకు. రేపు ఎనిమిదిన్నరకు మనింటికాడ పని షురూ" అంది. నాకు అంతకంటే ఏం కావాలి? జనగామ అక్కకూ బావకూ ఫోన్ చేశాను. కాలేజీ వాళ్లందరినీ పిలిచాను. పట్టుపంచె తీసి ఆరేశాను.

శనివారం ఎనిమిదికల్లా బేస్‌మెంట్ మీద నలభై మంది ఉన్నారు. దర్వాజ చేసిన వడ్లాయన టేకు చట్రాన్ని తెచ్చి పడుకోబెట్టాడు. శైలజ దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, మామిడాకులు కట్టింది. సరిగ్గా ఎనిమిదిన్నరకు బండి చప్పుడైంది. రజిత నడుపుతోంది, వెనక పనిముట్ల సంచి పట్టుకుని యాకమ్మ కూర్చుంది. ఆ వెనక ఇంకెవరూ లేరు.

"మేస్త్రి ఏడి?" అన్నాను.

"గార్లకు పోయిండు."

నా ఒళ్లు మండిపోయింది. "యాకమ్మా, ఇయ్యాల గూడ గదే ముచ్చటనా?"

"ఇయ్యాల నిజంగనే పోయిండు సారూ" అని యాకమ్మ నేల చూపులు చూసింది. "ఆఖరి ముహూర్తమాయె. గార్ల పటేలుకు గిదే టైముకు మాట ఇచ్చిండు. మీకు గిదే టైముకు ఇచ్చిండు."

ఫోన్ చేశాను. ఆశ్చర్యంగా ఎత్తాడు. "మీ ఇంట్లనే మేస్త్రి ఉండంగ నేనెందుకు సార్? మీ బిడ్డ చెయ్యి నాకంటె సాఫ్. ఇగో, ఇక్కడ కొబ్బరికాయ కొడుతున్నరు" అని పెట్టేశాడు. సభలో ఆయన ఎందుకు నవ్వాడో అప్పుడు నాకు వెలిగింది. నేను మైకుతో ఆయన్ని బుట్టలో వేద్దామనుకుంటే, ఆయన అదే మైకుతో ఒకే ముహూర్తానికి రెండిళ్లకు మనుషుల్ని కుదుర్చుకున్నాడు!

"ఆడపిల్ల దర్వాజ నిలవెట్టుడేంది బామ్మర్దీ? ఏడనన్న ఉన్నదా?" అన్నాడు జనగామ బావ. వడ్లాయన తన ఉలి సంచిలో పెట్టేసుకుని, ఇట్లయితే తనకు సంబంధం లేదన్నాడు. నలభై మందీ నన్నే చూస్తున్నారు. నా బిడ్డ కూడా నన్నే చూస్తోంది. దాని మొహంలో భయం లేదు, అలక లేదు. నేను ఏమంటానో అని ఊరికే చూస్తోంది.

ఈ గొడవలోనే తొమ్మిదైంది. అయ్యగారు గడియారం చూసి, "పన్నెండు నిమిషాలుంది, తర్వాత మూడు నెలలే" అన్నారు.

"లేపుండ్రి" అన్నాను.

నలుగురు పట్టి చట్రాన్ని లేపారు. ఎదురు వైపు గుండు రజిత వేసింది, పక్క వైపు గుండు యాకమ్మ చేతికిచ్చింది. యాకమ్మ దాన్ని వెంటనే అందుకోలేదు. చెయ్యి కొంగుకు రెండుసార్లు తుడుచుకుని పట్టుకుంది. కింద రెండు కాళ్ల దగ్గర సిమెంటు మాలు పొయ్యాలి. మాలు కలిపి ఉంది. మోసే మనిషి లేదు. మోసే మనిషి గుండు పట్టుకుని నిలబడింది కదా.

"బాపూ, తట్ట అందుకో" అంది రజిత.

"నేనా?"

"నువ్వే. మాలు గట్టిపడుతాంది."

పట్టుపంచె ఎగ్గట్టి వంగాను. తట్ట లేచింది, నడుము లేవలేదు. సగం మాలు నా పంచె మీదే పడింది. చట్రం పట్టుకున్న కాలేజీ అటెండరు గబగబా సాయం రాబోతే రజిత ఆపింది. "నువ్వు చట్రం ఇడువకు అన్నా!"

"నడుముతోని గాదు సారూ, మోకాళ్లతోని లెవ్వాలె" అంది యాకమ్మ గుండు మీద నుంచి చూపు తిప్పకుండా.

రెండో తట్ట మోకాళ్లతో లేపాను. మూడోది కూడా పోశాను. ఇక అయిపోయిందనుకుంటే రజిత తల అడ్డంగా ఊపింది.

"ఎడమ కాలు కిందికున్నది. మాలు తీసి లేపాలె."

"నేను చేసిన దర్వాజ తప్పంటవా?" వడ్లాయన రెచ్చిపోయాడు.

"దర్వాజ మంచిగనే ఉన్నది తాతా. నిలవడ్డ తీరే మంచిగ లేదు."

"ఐదు నిమిషాలే!" అన్నారు అయ్యగారు.

"సాలు తియ్యే, బాగనే ఉన్నది" అన్నాను నేను. మూడు నెలల అద్దె ఇల్లు, శైలజ, నలభై మంది ముందు నా పరువు, అన్నీ ఆ ఐదు నిమిషాల్లోనే ఉన్నాయి.

"వంకరగ నిలవెట్టి పోను బాపు. రోజు నువ్వే దీంట్లకెళ్లి తిరుగుతవ్" అని రజిత ఒక పలుచని బండ ముక్క ఏరి, చట్రాన్ని వేలెడు లేపించి కిందికి దూర్చింది. మళ్లీ గుండు వేసింది. అప్పుడే మార్కెట్ వైపు నుంచి గాలి తోలింది. గుండు అటూ ఇటూ ఊగడం మొదలైంది. ఊగే గుండు ఏం చెబుతుంది? నలుగురం అడ్డం నిలబడ్డాం, అక్క తన కొంగు పట్టింది, గాలి ఆగలేదు. మూడు నిమిషాలన్నారు అయ్యగారు. రజిత మొహంలో మొదటిసారి దడ కనిపించింది.

"సారూ, బకెట్ల నీళ్లు తేండ్రి" అంది యాకమ్మ.

ఎందుకని అడగలేదు. పరుగెత్తి తెచ్చాను. యాకమ్మ బకెట్‌ను గుండు కింద పెట్టి, దారం కొంచెం వదిలింది. గుండు నీళ్లలో మునిగింది. రెండుసార్లు బద్ధకంగా కదిలి ఆగిపోయింది. దారం గీత గీసినట్టు నిలబడింది. వడ్లాయన నోరు తెరుచుకుని చూశాడు.

"మేస్త్రి ఎన్నడు గిట్ల చెయ్యలే కదా పెద్దమ్మా" అంది రజిత.

"ఆయనకు తెల్వదు బిడ్డా. ఒకసారి సేదబాయికాడ బొక్కెన నీళ్లల్ల మునగంగనే ఊగుడు ఆగింది, గది సూసి అనుకున్న. నన్నెవలడిగిండ్రు?"

రెండో గుండునూ అదే నీళ్లలో నిలిపారు. రజిత ఒక కన్ను మూసి చూసి, "పొయ్యి బాపు" అంది. పోశాను. అయ్యగారు కొబ్బరికాయ కొట్టేసరికి ముహూర్తంలో ఇంకా ఒక నిమిషం మిగిలింది. నా బిడ్డ నిలబెట్టిన దర్వాజ ఖాళీ బేస్‌మెంట్ మీద నిటారుగా నిలబడి ఉంది. నాకు ఏడుపొచ్చింది. మాలు చేతులతో తుడుచుకోబోయి కళ్లలో సిమెంటు పోసుకున్నాను.

"మేస్త్రికి బట్టలు పెట్టండి" అన్నారు అయ్యగారు. దర్వాజ నిలిపిన చేతికి కొత్తబట్టలు పెట్టడం మా దగ్గర ఆనవాయితీ. శైలజ పళ్లెం తెచ్చింది. అందులో ధోవతి, కండువా ఉన్నాయి. రజిత వాటిని చూసి నవ్వి, యాకమ్మను ముందుకు తోసింది.

"నాకేంది, నేను తట్టలు మోసేదాన్ని. మాకు పెట్టరు" అంది యాకమ్మ వెనక్కి జరుగుతూ. "ముప్పై ఏండ్లల్ల ఎన్ని దర్వాజలో, లెక్కే లేదు. నాకెన్నడు పెట్టలే."

శైలజ పళ్లెం కింద పెట్టింది. గబగబా వెళ్లి, జనగామ అక్క ఆ పొద్దునే తనకు తెచ్చి పెట్టిన కొత్త చీర తీసుకొచ్చి, యాకమ్మకు బొట్టు పెట్టి చేతిలో ఉంచింది. మా అక్క మొహం మాడిపోయింది. యాకమ్మ మాత్రం చీరను గుండెకు ఆనించుకుంది. నాకు సిగ్గేసింది. ఇరవై నిమిషాల ఉపన్యాసంలో ఆమె గురించి ఒక్క ముక్క చెప్పలేదు నేను.

"ఇంతకూ బిడ్డకు నౌకరి ఎక్కడ?" అని మా కొత్త లెక్చరర్ ఒకాయన అడిగాడు.

"సుతారి పని" అన్నాను. అంత గట్టిగా అంటానని నేనూ అనుకోలేదు. బావ నన్ను పక్కకు లాగి, మూఢం పోయాక జనగామలో తన ప్లాటు పని ఉందని, కోడలు రజితను కొంచెం అడిగి పెట్టమని బతిమాలాడు.

సాయంత్రం సోమనర్సయ్య గార్ల నుంచి వచ్చాడు. నన్ను పలకరించలేదు. తన గుండు తీసి దర్వాజకు నాలుగు వైపులా వేసి చూశాడు. ఎక్కడైనా వంక ఉందేమోనని వెతికాడు, దొరకలేదు. బకెట్ సంగతి రజిత చెబితే విని, యాకమ్మ వైపు తిరిగాడు.

"అయితే రేపటిసంది నువ్వు గూడ గోడ మీదికే ఎక్కు" అన్నాడు.

యాకమ్మ కొత్త చీర ఉన్న సంచి చంకలో పెట్టుకుని, "ఎక్కుత గని, కింద తట్ట ఎవలు మోస్తరు?" అంది.

ముగ్గురూ నా వైపు తిరిగారు. కాలేజీ ఉందని చెప్పబోయాను. మరునాడు ఆదివారం.